రోజు అద్దెకా, నెల అద్దెకా: ఖాళీ ఫ్లాటుకు నిబంధనలు, పన్నులు, అసలు లెక్క

గచ్చిబౌలిలోనో, విశాఖ బీచ్ రోడ్డు దగ్గరో రెండు పడకగదుల ఫ్లాటు ఖాళీ అయితే ఓనర్లు వేసే మొదటి లెక్క ఇది: రాత్రికి మూడు వేలు, నెలకు ముప్పై రాత్రులు, మొత్తం తొంభై వేలు. నెల అద్దెకిస్తే వచ్చేది ముప్పై అయిదు వేలే. ఇంకేం, టూలెట్ బోర్డు పీకేసి ఆన్‌లైన్‌లో పెట్టేయడమే.

ఈ లెక్కలో ముప్పై రాత్రులు నిండవు. మూడు వేలూ చేతికి రావు. అన్నిటికంటే ముందు, ఆ ఫ్లాటులో రోజు అద్దెకు మనుషుల్ని దింపడానికి మీకు వీలుందా అన్నది తేలలేదు. అందుకే పోలిక డబ్బుతో మొదలుపెట్టకండి, అనుమతులతో మొదలుపెట్టండి. చాలా ఫ్లాట్ల విషయంలో ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

ముందు గేటు, తర్వాత మీటరు

మొదట చూడాల్సింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బైలాలు. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో చాలా చోట్ల ఫ్లాటును నివాసానికే వాడాలన్న షరతు ఉంటుంది. కొన్ని చోట్ల ఇన్ని రోజులకు తక్కువ అద్దెకు ఇవ్వకూడదని తీర్మానం కూడా చేసుకుంటారు. కమిటీ ప్రెసిడెంటు నోటి మాటగా సరేనన్నాడని సోఫాలు కొనేయకండి. వచ్చే ఎన్నికల్లో కమిటీ మారితే ఆ మాటా మారుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు అతిథిని లోపలికి పంపకపోతే రాత్రి పదకొండింటికి డబ్బు వాపసు ఇవ్వాల్సింది మీరే. లిఖితపూర్వక అనుమతి లేకపోతే రోజు అద్దె ఆలోచన అక్కడితో ఆపేయడం మేలు.

రెండోది కరెంటు మీటరు. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు, దెబ్బ మాత్రం పెద్దది. ఇళ్లకు ఇచ్చేది ఎల్‌టీ (లో టెన్షన్) కేటగిరీ-1 కనెక్షన్. రోజుకో అతిథికి గది ఇవ్వడం వ్యాపారమని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తేల్చితే అది వాణిజ్య వాడకానికి ఉండే కేటగిరీ-2 కిందికి వస్తుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 ప్రకారం అనధికార వినియోగం అవుతుంది. అప్పుడు వర్తించే టారిఫ్‌కు రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. ఎప్పటినుంచి నడుస్తోందో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్కగడతారు. మూడు ఏసీలు తిరిగే ఫ్లాటుకు ఏడాది బిల్లు రెట్టింపు రేటులో ఎంతవుతుందో మీరే వేసి చూడండి. కేటగిరీ మార్పుకు ముందే దరఖాస్తు పెట్టుకుంటే పోయేది యూనిట్ రేటులో తేడా మాత్రమే.

ఆస్తి పన్ను కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇప్పుడు ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. హైదరాబాద్‌లో నెలవారీ అద్దె విలువ ఆధారంగా లెక్కగడతారు, అక్కడ కూడా నివాసానికీ వాణిజ్యానికీ సూత్రాలు వేరు. వాణిజ్య వాడకమని నమోదైతే ట్రేడ్ లైసెన్సు కూడా అడుగుతారు. దాని ఫీజు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది.

ఇంటి రుణం ఉంటే బ్యాంకు ఒప్పందంలో వాడకం గురించి ఏం రాశారో చదవండి. ఇంటి బీమా పాలసీ కూడా తీసి చూడండి. నివాసమని తీసుకున్న పాలసీ మీద అతిథి వల్ల జరిగిన నష్టానికి క్లెయిము పెడితే గొడవ తప్పదు.

అరకు, లంబసింగి, భద్రాచలం: ఇక్కడ మొదటి ప్రశ్న వేరు

చలికాలం వస్తే అరకులోనో లంబసింగిలోనో జాగా కొని హోమ్‌స్టే పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ 1/70, అంటే గిరిజన ప్రాంతాల్లో భూమి బదిలీని కట్టడి చేసే 1970 నాటి నిబంధన, అమల్లో ఉంది. గిరిజనేతరుడు భూమి కొనలేడు, అమ్మేది మరో గిరిజనేతరుడే అయినా సరే. ఈ నిబంధనలో బదిలీ అంటే అమ్మకమొక్కటే అనుకుంటారు చాలామంది. లీజు, తనఖా, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. ‘కొనడం లేదు, పదేళ్లకు లీజుకే తీసుకుంటున్నాం’ అన్న దారి కూడా అందుకే మూసుకుపోయింది. స్థానిక గిరిజనుడి పేరు మీద పెట్టి వెనక నుంచి నడిపే బినామీ ఏర్పాటులో డబ్బు పెట్టినవాడి చేతిలో నిలబడే కాగితం ఒక్కటీ ఉండదు. భద్రాచలంలో భక్తుల కోసం గదులు కడదామనుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడి భూమి మీద హోమ్‌స్టే నడిపే హక్కు స్థానిక గిరిజన కుటుంబాలది. వాళ్లకైతే ఇది మంచి అవకాశం.

ఇక అంకెలు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో నెలకు రూ. 35,000 అద్దె వచ్చే ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. ఓనరు 20 శాతం స్లాబులో ఉన్నాడు, రుణం లేదు. రోజు అద్దెకైతే నెలకు సగటున 18 రాత్రులు నిండుతాయనీ, ఒక్కో అతిథి రెండు రాత్రులు ఉంటాడనీ అనుకుందాం. ఏడాది ఖర్చులు ఇలా వేశాం: ప్లాట్‌ఫామ్ కమిషన్ 15 శాతం, ఒక్కో అతిథి వెళ్లాక శుభ్రం చేయడానికి, దుప్పట్లు ఉతకడానికి కలిపి రూ. 500, కరెంటు, ఇంటర్నెట్, సబ్బులు, నీళ్లు కలిపి నెలకు రూ. 8,000, మెయింటెనెన్స్ నెలకు రూ. 4,000, చూసుకునే మనిషికి నెలకు రూ. 10,000, విరిగినవి, పోయినవి ఏడాదికి రూ. 30,000, వాణిజ్య ఆస్తి పన్ను రూ. 24,000. ఇవన్నీ ఊహించుకున్న అంకెలే. మీ ఫ్లాటుకు మీ అంకెలు పెట్టుకోండి, లెక్కగట్టే పద్ధతి మాత్రం ఇదే.

| | నెల అద్దె 35,000 | రాత్రికి 3,000 | రాత్రికి 4,500 |
|---|---|---|---|
| ఏడాది రాబడి | 4,20,000 | 6,48,000 | 9,72,000 |
| ఖర్చులు | 8,000 | 4,69,200 | 5,17,800 |
| పన్నుకు ముందు మిగిలేది | 4,12,000 | 1,78,800 | 4,54,200 |
| ఆదాయపు పన్ను (సుమారు) | 60,000 | 27,000 | 84,000 |
| చేతికి (సుమారు) | 3,52,000 | 1,52,000 | 3,70,000 |

నెల అద్దె వరుసలో ఖర్చు ఆస్తి పన్నొక్కటే, ఎందుకంటే మెయింటెనెన్స్, కరెంటు కిరాయిదారే కడతాడు. ఫ్లాటు ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉన్నా చేతికి దాదాపు రూ. 3,22,000 వస్తుంది. రోజు అద్దె వరుసల్లో పన్ను లెక్కించేటప్పుడు రూ. 5 లక్షల ఫర్నిచర్ మీద ఏడాదికి 10 శాతం తరుగుదల తీసేశాం. ఆ అయిదు లక్షలు ముందుగా మీ జేబులోంచి పోయాయని మాత్రం మరిచిపోవద్దు.

మూడు వేల దగ్గర నష్టం స్పష్టంగా ఉంది. నాలుగున్నర వేలకు, నెలకు 18 రాత్రులు నిండితే, మిగిలే అదనం ఏడాదికి పద్దెనిమిది వేలు. అర్ధరాత్రి తాళం చెవి ఫోన్లకు అది కూలి కూడా కాదు. ఫ్లాటు ఆస్పత్రుల దగ్గరో, పెద్ద ఆఫీసుల మధ్యో ఉండి వారం మధ్యలో కూడా నిండేదైతేనే ముందుకెళ్లండి. వారాంతాల్లోనే నిండే చోట నెలకు ఎనిమిది, పది రాత్రులే దొరుకుతాయి.

ఆదాయపు పన్ను: ఏ పద్దు కింద చూపిస్తారు?

పైన రోజు అద్దెను వ్యాపార ఆదాయంగా లెక్కేశాం. ఖర్చులన్నీ తీసేయడం కుదిరింది అందుకే. కానీ 2024 ఫైనాన్స్ (నెం. 2) చట్టం ఒక మార్పు తెచ్చింది. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి నివాస గృహాన్ని ఓనరు అద్దెకిస్తే వచ్చే ఆదాయాన్ని వ్యాపారం కింద చూపకూడదు, ఇంటి ఆస్తి ఆదాయం కిందే చూపాలి. ఆ పద్దులో ఆస్తి పన్ను, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, రుణ వడ్డీ మాత్రమే తీసేయొచ్చు. కమిషన్, మనిషి జీతం, దుప్పట్లు, కరెంటు ఏవీ లెక్కకు రావు.

రాత్రికి 4,500 ఉదాహరణను ఈ పద్దులో వేస్తే 9,72,000లో ఆస్తి పన్ను 24,000 తీసేసి, మిగిలినదాంట్లో 70 శాతం, అంటే 6,63,600 మీద పన్ను పడుతుంది. అది సుమారు రూ. 1,38,000. చేతికి మిగిలేది రూ. 3,16,000, అంటే నెల అద్దెకంటే తక్కువ. ఒకే ఫ్లాటు, అదే అతిథులు, పద్దు ఒక్కటి మారితే ఏడాదికి యాభై వేల పైన తేడా.

రోజూ గది సర్దడం, టిఫిను, రిసెప్షన్ లాంటి సేవలు ఉంటే అది కేవలం అద్దె కాదు, వసతి వ్యాపారం అని వాదించే ఆడిటర్లు ఉన్నారు. తాళం చెవి ఇచ్చి వదిలేసే ఫ్లాటుకు ఆ వాదన బలహీనం. వ్యాపార పద్దు నిలబడితే, చిన్న వ్యాపారాలకు వసూళ్లలో ఇంత శాతం లాభమని చూపే వీలిచ్చే సెక్షన్ 44ఏడీ కింద డిజిటల్ వసూళ్లలో 6 శాతమే లాభంగా చూపే దారి కూడా ఊరిస్తుంది. అయితే అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ఈ సంగతి మొదటి అతిథి రాకముందే ఆడిటర్‌తో తేల్చుకోండి, జూలైలో రిటర్ను వేసేటప్పుడు కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది ఆదాయపు పన్ను చట్టం 2025 కాబట్టి, ఇక్కడ చెప్పిన పాత సెక్షన్ నంబర్లు అందులో వేరుగా ఉంటాయి.

టీడీఎస్, అంటే డబ్బు చేతికి రాకముందే కోసే పన్ను సంగతి. ప్లాట్‌ఫామ్ ద్వారా వచ్చే మొత్తం మీద సెక్షన్ 194-ఓ కింద కోత 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. వ్యక్తులకు ఒక ప్లాట్‌ఫామ్ మీద ఏడాదికి రూ. 5 లక్షలు దాటకపోతే, పాన్ ఇచ్చి ఉంటే, కోత లేదు. పాన్ ఇవ్వకపోతే 5 శాతం పోతుంది. కోత పడలేదంటే పన్ను లేదని కాదు.

జీఎస్టీ: ఇరవై లక్షలు, ఏడున్నర వేలు

నివాసం కోసం ఇంటిని మామూలు కుటుంబానికి నెల అద్దెకిస్తే జీఎస్టీ లేదు. రోజు అద్దె మాత్రం హోటల్ వసతి కిందికి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గది రోజుకు రూ. 7,500 వరకు 5 శాతం, కొన్నవాటి మీద కట్టిన పన్ను తిరిగి తీసుకోవడం కుదరదు. రూ. 7,500 దాటితే 18 శాతం. ‘వెయ్యి లోపు గదికి జీఎస్టీ లేదు’ అని తిరుపతి లాడ్జీల దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మినహాయింపు 2022 జూలై 18తో పోయింది.

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ ఓనర్లు ఇక్కడే తడబడతారు. మొత్తం ఇంటిని ఒకే యూనిట్‌గా రోజుకు రూ. 15,000కు ఇస్తే 18 శాతం. నాలుగు గదుల్ని విడివిడిగా, ఒక్కోటి నాలుగు వేలకు, వేర్వేరు అతిథులకు ఇస్తే 5 శాతం. ఒకే బృందానికి ఇల్లంతా ఇచ్చి, బిల్లు మాత్రం నాలుగు ముక్కలు చేస్తే తనిఖీలో నిలబడదు.

సేవల మీద ఏడాదికి రూ. 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇది ఫ్లాటుకు విడిగా కాదు, మీ పాన్ మీద దేశమంతటా ఉన్న వసూళ్లు అన్నీ కలిపి. మరో ఫ్లాటు మీద వచ్చే మినహాయింపు ఉన్న నెల అద్దె కూడా ఇందులో కలుస్తుంది. మీ పేరు మీదే ఏడాదికి అరవై లక్షల షాపు ఉంటే, అతిథుల దగ్గర వచ్చింది రెండు లక్షలే అయినా పన్ను పరిధిలోకి వస్తుంది.

పరిమితి లోపు ఉన్నవాళ్లకు జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 9(5) ఊరటనిస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద వచ్చే బుకింగ్‌లకు జీఎస్టీ వసూలు చేసి కట్టాల్సింది ప్లాట్‌ఫామే. రిజిస్ట్రేషన్ పరిమితి దాటితే మీరే కట్టాలి, నెలనెలా లేదా మూడు నెలలకు రిటర్నులు వేయాలి. అప్పుడు ప్లాట్‌ఫామ్ మీకిచ్చే డబ్బులోంచి 0.5 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే జీఎస్టీ) పట్టుకుంటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా వాట్సాప్ బుకింగ్ మీద అతిథి దగ్గర ‘జీఎస్టీ’ అని అదనంగా తీసుకోవడం మాత్రం నేరుగా చట్ట ఉల్లంఘన.

మధ్యేమార్గాలు మూడు

ఫర్నిచర్‌తో కొన్ని నెలలకు ఇవ్వడం మొదటిది. ప్రాజెక్టు మీద వచ్చే ఉద్యోగులు, చికిత్స కోసం వచ్చే కుటుంబాలు మీ కిరాయిదార్లు. అతిథుల మార్పిడి తక్కువ, అసోసియేషన్‌తో గొడవా తక్కువ, నెల అద్దెకంటే రాబడి ఎక్కువ. మా అభిప్రాయంలో ఒక్క ఫ్లాటే ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైనది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ నేరుగా అద్దెకు తీసుకుంటే 18 శాతం జీఎస్టీని రివర్స్ చార్జి కింద, అంటే ఓనరుకు బదులు అద్దెకు తీసుకున్న కంపెనీయే కట్టాలి. అందుకే అద్దె బేరమాడతారు, ముందే ఊహించుకోండి. అద్దె నెలకు రూ. 50,000 దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్ కోస్తుంది. హాస్టల్ తరహాలో మనిషికి నెలకు రూ. 20,000 మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉండేలా ఇచ్చే వసతికి 2024 జూలై 15 నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఎనభై అయిదో రోజున ఖాళీ చేసినవాడికి అది దక్కదు.

రెండోది ఆపరేటర్‌కు అప్పగించడం. స్థిరమైన అద్దె ఇచ్చే ఆపరేటర్ వేరు, లాభంలో వాటా ఇచ్చేవాడు వేరు. వాటా ఒప్పందంలో ఖాళీ రోజుల నష్టం మీదే. స్థిర అద్దెకిస్తే మీ ఆదాయం ఇంటి ఆస్తి పద్దులో నికరంగా కూర్చుంటుంది. మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో లేకపోతే, ఆపరేటర్ రిజిస్టర్డ్ అయితే, నివాసమన్నా వాణిజ్యమన్నా రివర్స్ చార్జి ఆపరేటర్ మీదే పడుతుంది (వాణిజ్యానికి ఇది 2024 అక్టోబరు 10 నుంచి). ఒప్పందంలో నాలుగు సంగతులు రాయించండి: మీటరు కేటగిరీ మార్పు ఖర్చు ఎవరిది, అతిథుల రిజిస్టరు బాధ్యత ఎవరిది, అసోసియేషన్ అభ్యంతరం పెడితే ఒప్పందం ఎన్ని రోజుల్లో ముగుస్తుంది, చేతికిచ్చిన సామాను జాబితా, ఫొటోలతో సహా. మీటరూ, టైటిలూ మీ పేరు మీదే ఉంటాయి కాబట్టి నోటీసులు కూడా మీ పేరు మీదే వస్తాయి.

మూడోది హోమ్‌స్టే, అంటే మీరు ఉంటున్న ఇంట్లోనే గదులు ఇవ్వడం. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు వీలుంది. ఓనరు కుటుంబం అక్కడే నివసించాలి. సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు, నమోదు ఆ శాఖ ‘నిధి’ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో. ఎవరూ లేని ఫ్లాటు ఈ పథకంలోకి రాదు. పైన వేసిన పట్టిక ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పిల్లలు విదేశాలకు వెళ్లాక ఖాళీగా ఉన్న మేడ మీది గదికి నెల అద్దె ప్రత్యామ్నాయం ఎలాగూ లేదు. మనిషి జీతం, మెయింటెనెన్స్ కూడా మిగులుతాయి. విశాఖ, తిరుపతి లాంటి చోట్ల సొంత ఇల్లున్న పెద్దవాళ్లకు ఇది కుదురుతుంది. డబ్బు తీసుకుని టిఫిను పెడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు చేయించుకోండి.

విదేశీ అతిథి, విదేశంలో ఓనరు

విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు, అంటే విదేశీయుల నమోదు కార్యాలయానికి, సమాచారం ఇవ్వాలి. అందరూ ఫారం-సి అనే పిలుస్తారు. మన దగ్గర జారేది ఎక్కడంటే, డల్లాస్ నుంచి పెళ్లికి వచ్చిన తెలుగు కుటుంబాన్ని చూసి విదేశీయులని ఎవరూ అనుకోరు. పాస్‌పోర్టు అమెరికాదైతే, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా, వాళ్లు విదేశీ పౌరులే. భాషను బట్టి కాదు, పాస్‌పోర్టు రంగును బట్టి నింపండి. మిగతావాళ్ల గుర్తింపు కార్డులు కూడా ప్రతి ఒక్కరివీ చూడండి, బుక్ చేసినవాడిది ఒక్కటే సరిపోదు. ఆధార్ అయితే మాస్క్‌డ్ కాపీ చాలు.

ఓనరే ఎన్ఆర్ఐ అయితే నెల అద్దెకు కిరాయిదారు కనీస పరిమితి ఏమీ లేకుండా 31.2 శాతం టీడీఎస్ కోయాలి. చాలామంది కిరాయిదార్లకు ఇది తెలియదు, తెలిశాక ఇల్లు వద్దంటారు. తక్కువ కోత సర్టిఫికెట్ ముందే తెచ్చుకుని, అద్దె ఎన్ఆర్ఓ ఖాతాలో (ఇక్కడి ఆదాయం కోసం ఎన్ఆర్ఐలు తెరిచే బ్యాంకు ఖాతా) పడేలా చూసుకోవాలి. ఊరి బయట ఫామ్‌హౌస్ కొని రోజు అద్దెకు తిప్పుదామన్న ఆలోచనకు ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనలు అడ్డొస్తాయి: వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు ఎన్ఆర్ఐలు కొనకూడదు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.

ఏ వరుసలో కదలాలి

అసోసియేషన్ ఉత్తరం మొదట. అది రాకపోతే నెల అద్దె, లేదా వాళ్ల గడువుకు లోబడి కొన్ని నెలల అద్దె. వస్తే, చుట్టుపక్కల అలాంటి ఫ్లాట్ల క్యాలెండర్లు వరుసగా ఆరు వారాలు గమనించి, వారం మధ్య రాత్రులు ఎన్ని నిండుతున్నాయో రాసుకోండి. ఓనరు తన కోసం మూసేసుకున్న రోజులు కూడా ‘బుక్ అయింది’ అనే కనిపిస్తాయి కాబట్టి కొంత తగ్గించుకోవాలి. ఆ అంకెను పై పట్టికలో పెట్టి, ఇంటి ఆస్తి పద్దులో వేసినా నెల అద్దెకంటే మిగులుతుందో లేదో చూడండి. మిగిలితే ఆడిటర్ దగ్గరికి, తర్వాత మీటరు కేటగిరీ మార్పుకు, ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు కోసం మున్సిపల్ ఆఫీసుకు. సోఫాలు, ఏసీలు అన్నిటికంటే చివర్లో కొనండి. అప్పటిదాకా టూలెట్ బోర్డు ఉండనివ్వండి.